ముత్తాతల నాటి చుట్టాల్ని వెతకాలంటే దేవుడి మూల నుంచి మొదలుపెట్టండి

మా ఇంట్లో సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు వరసలో ఆఖర్న ఒక తువ్వాలు ఉంటుంది. పంచెలు, చీరలు, జాకెట్టు ముక్కలు అన్నీ పీట మీద సర్ది, సాంబ్రాణి వేసి, మా నాయనమ్మ ఒక్కొక్కరినీ తలుచుకుని దండం పెట్టేది, చివర్న "రంగం తాతకి" అని ఆ తువ్వాలు మీద చెయ్యి వేసేది. ఆ తాత పేరేమిటో ఆవిడకీ తెలీదు. వాళ్ల అత్తగారు పెట్టేది కాబట్టి ఈవిడ పెట్టింది, ఈవిడ పెట్టింది కాబట్టి ఇప్పుడు మా అమ్మ పెడుతోంది. వంశవృక్షం రాద్దామని నేను కూర్చున్నాక రెవెన్యూ కాగితాల చుట్టూ ఏడాదిన్నర తిరిగాను. నాగావళి ఏటికి అవతల ఊళ్లో ఉన్న మా పాలివాళ్ల (మగవరస దాయాదుల) గుమ్మం దాకా నన్ను తీసుకెళ్లింది మాత్రం ఆ తువ్వాలే.

అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు మూలాలున్న వాళ్లు ఎవరైనా "మా 1800ల నాటి చుట్టాల్ని ఎలా కనుక్కోవాలి" అని అడిగితే నేను చెప్పేది ఒకటే: కాగితాలు తర్వాత, ముందు మీ ఇంటి మొక్కులు చూడండి. మనది ఎక్కువగా జమీందారీ ప్రాంతం. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, పర్లాకిమిడి లాంటి ఎస్టేట్లలో రైతు పేరు రాసుకున్నది దివాణం ఉద్యోగులు, సర్కారు కాదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటు నుంచే మామూలు రైతు కుటుంబాల పేర్లు ప్రభుత్వ రికార్డులో వరసగా కనిపిస్తాయి. అంతకు ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకున్నది ఇంటి ఆడవాళ్లు, పూజార్లు, దాసుళ్లు. వాళ్లు కాగితం మీద రాయలేదు. ఏ పండక్కి ఎవర్ని పిలవాలి, ఎవరి చావుకి ఎన్నాళ్లు మైల పట్టాలి, ఎవరి పేరు చెప్పి అన్నం పెట్టాలి, ఇదిగో ఇలా దాచారు.

మొదటి పని ఈ సంక్రాంతికే చెయ్యొచ్చు. పెద్దలకు బట్టలు పెట్టే గదిలో ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి. పేర్లు ఏ వరసలో వస్తున్నాయో ఆ వరస మార్చకుండా రాసుకోండి, ఎందుకంటే ఆ వరసే తరం. ఎవరికి పంచె, ఎవరికి చీర, ఎవరికి జాకెట్టు ముక్క ఒక్కటే, ఎవరికి పసుపు కుంకుమ కూడా పెట్టారు అనేది రాయండి. చిన్న పిల్లల గౌను పెడితే అది రాయండి. పసుపు కుంకుమ పెట్టారంటే ఆవిడ ముత్తైదువుగా పోయిందని. ఇదే పని పెద్దల అమావాస్య నాడూ చెయ్యొచ్చు గానీ మన వైపు సంక్రాంతి పెద్దల పండగ కాబట్టి ఆ రోజు వచ్చే పేర్లు ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి, నా ఏడాదిన్నర పోయింది దీన్ని పట్టించుకోకే. పాత రోజుల్లో కోడలు మామగారి పేరు నోటితో అనేది కాదు, మొగుడి పేరు అసలే కాదు. బావగారు, చినమామగారు కూడా అంతే. పెద్దలకు బట్టలు పెట్టేది కోడళ్లే. అంటే ఆ ఇంట్లో ఎవరి జ్ఞాపకం గట్టిదో వాళ్ల నోటికే ఆ పేర్లు నిషిద్ధం. మా రంగం తాత పేరు పోయింది అలాగే. మా నాయనమ్మ అత్తగారికి ఆయన చినమామగారు, ఆవిడకి పేరు తెలిసే ఉంటుంది, అనలేదు, అనకపోబట్టి మా నాయనమ్మకి చేరలేదు. కాబట్టి పేర్లు అడగాల్సింది ఆ ఇంటి ఆడపడుచుల్ని. పెళ్లై వేరే ఊరు వెళ్లిపోయిన మేనత్తలు, వాళ్ల కూతుళ్లు. వాళ్లకి కన్నవారింటి మగాళ్ల పేర్లు అనడానికి ఏ అడ్డూ లేదు, పైగా కన్నవారింటి మీద బెంగతో అవి నెమరేసుకుంటూ ఉంటారు. మీ మేనత్త అత్తవారి ఊరు వెళ్లడానికి బస్సు టికెట్ ఖర్చు పెట్టండి, ఏ ఆఫీసుకీ పెట్టక ముందే.

పేర్లు చేతికొచ్చాక వాటినే చదవాలి. మన దగ్గర పేరు ఊరికే పెట్టరు, మొక్కుకుని పెడతారు. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం, సింహాద్రి, ఇవన్నీ సింహాద్రి అప్పన్నవి, ఇందులో సింహాచలం మగవాళ్లకీ ఆడవాళ్లకీ పెడతారు కాబట్టి పేరు చూసి తాతో అవ్వో తేల్చేయకండి. పైడిరాజు, పైడమ్మ, పైడితల్లి అంటే విజయనగరం పైడితల్లమ్మ. సూర్యనారాయణ, సూరమ్మ అంటే అరసవల్లి. కూర్మారావు, కూర్మయ్య అంటే శ్రీకూర్మం. ముఖలింగం అంటే వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం. పోలయ్య, పోలమ్మ పేర్లు దొరికితే శంబర పోలమాంబ వైపు ఒకసారి చూడాలి. జగన్నాథం వరసగా ప్రతి రెండో తరంలోనూ వస్తుంటే ఆ కుటుంబంలో ఎవరో పూరీ నడిచి వెళ్లి వచ్చి ఉండొచ్చు. 1890ల్లో ఇటు రైలు వచ్చే వరకు పూరీ యాత్ర అంటే నడకో, బండో.

ప్రతి రెండో తరం అని ఎందుకన్నానంటే తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. ఒకే పేరు మూడు చోట్ల కనిపిస్తే ముగ్గురు మనుషులని అనుకోండి, ఒక్కరే అని కలిపేయకండి.

ఇంకో రకం పేర్లున్నాయి. తవుడు, తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ. పెంటయ్య, పెంటమ్మ. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని చేటెడు తవుడుకి అమ్మినట్టు, లేదా పెంట మీద పడేసినట్టు చేసి, ఇంకొకరు కొన్నట్టుగా తిరిగి తెచ్చుకుని ఆ పేరు పెట్టేవారు, మృత్యువు కన్ను పడకుండా. మీ వరసలో తవుడు అనే పేరు కనిపిస్తే దాని ముందు ఖాళీ వదలండి. ఆ బిడ్డకి ముందు పేరు కూడా మిగలని అక్కలో అన్నలో ఉండే ఉంటారు. కొన్ని ఇళ్లలో ఆ బిడ్డని "కొన్న" వాళ్లతో ఆ తర్వాత చుట్టరికం లాంటిదే నడుస్తుంది, పండక్కి పిలుస్తారు, పెళ్లికి బట్టలు పెడతారు. రక్తం కలవదు. అయినా ఆ ఇంటినీ మీ కాగితం మీద ఒక మూల రాయండి, ఎందుకు పిలుస్తున్నామో మరిచిపోయిన తరంలో అదే మీకు జవాబు.

తర్వాత ఇంటిపేరు. దీన్ని నమ్ముకుని నేను మోసపోయాను. మా ఇంటిపేరే ఉన్న ఒక కుటుంబం విజయనగరం పక్కన దొరికితే ఆనందంతో వాళ్ల తాతని మా చెట్టులో అన్నదమ్ముల వరసలో ఎక్కించేశాను. ఆర్నెల్ల తర్వాత తెలిసింది, వాళ్ల ఇలవేల్పు వేరు, గోత్రం వేరు, పైగా మా వాళ్లు వాళ్లింటికి పిల్లనిచ్చారు కూడా. పిల్లనిచ్చారంటే పాలివాళ్లు కాదనే కదా. ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ల నుంచీ పనుల నుంచీ వచ్చినవి, ఒకే ఊరు వదిలి వచ్చిన సంబంధం లేని రెండు కుటుంబాలకి ఒకే ఇంటిపేరు ఉండొచ్చు, వేర్వేరు కులాలకీ ఉండొచ్చు. దత్తత వెళ్తే ఇంటిపేరే మారిపోతుంది.

అసలు పరీక్ష మైల. "మా ఇంట్లో ఎవరైనా పోతే ఏ ఇళ్లవాళ్లు స్నానం చేసి పది రోజులు గుడికి వెళ్లడం మానేస్తారు? ఎవరింట్లో పురుడు వస్తే మనకి అంటు?" అని పెద్దవాళ్లని అడగండి. శాస్త్రం ఏడు తరాల దాయాదులని చెబుతుంది, ఊళ్లో అన్ని తరాలు లెక్కపెట్టరు గానీ "ఆళ్లకి మనకి మైలుంది" అనే మాట ఎంత దూరమైనా నిలిచి ఉంటుంది. మైల ఉంది అన్నారంటే మగవరసలో ఎక్కడో ఒక్క తాత దగ్గర కలుస్తారు. మైల లేదు గానీ బావా, వదినా అని పిలుచుకుంటారు అంటే ఆడవరసలో, మేనరికాల్లో కలుస్తారు. ఈ రెండు ప్రశ్నలతో సగం చెట్టు సర్దుకుంటుంది.

ఇలవేల్పు సంగతి కూడా ఇందులోనే చూసుకోండి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకుంటారు, గొడ్లు పంచుకుంటారు, ఇలవేల్పుని పంచుకోరు. అది పెద్దన్న ఇంట్లోనే ఉండిపోతుంది, మిగతా వాళ్లు పెళ్లికో, పుట్టువెంట్రుకలకో అక్కడికి వస్తారు. మీ ఇంట్లో పెళ్లికి ముందు ఎవరింటికో వెళ్లి దండం పెట్టుకుని వస్తున్నారంటే ఆ ఇల్లు మీ వంశంలో పెద్ద కొమ్మ. ఆ ఇంటి దేవుడి మూల చూడండి. పాత మట్టి గోడల మీద పసుపు రాసి పెట్టిన బొట్లు ఉండేవి, ఒక్కో బొట్టు ఒక్కో పెద్దకి. మా పెద్దింటి పెంకుటిల్లు పడగొట్టి స్లాబ్ వేసినప్పుడు ఆ గోడ పోయింది. పదకొండు బొట్లని ఒకరంటారు, పదమూడని ఒకరంటారు. ఫోటో తీసినవాళ్లు లేరు. మీ ఇంట్లో అలాంటి గోడ ఇంకా ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఫోటో తీసి రండి.

గ్రామదేవత పండగ అంతకంటే పెద్ద రికార్డు. మన ఊళ్లలో అమ్మవారి సంబరం మూడేళ్లకో, ఐదేళ్లకో, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ఏళ్లకో వస్తుంది. తొలేళ్లు, మర్నాడు అసలు పండగ, చివర్న అనుపు, అంటే అమ్మవారిని సాగనంపడం. ఏడాదికోసారి వచ్చే పైడితల్లమ్మ సిరిమాను, దసరా తర్వాత మంగళవారం, ఆ రోజు విజయనగరంలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే, పక్క జిల్లాల నుంచి కూడా దిగుతారు. ఈ పండగలకి పిలుపు ఎవరెవరికి వెళ్తుందో అదే మీ చుట్టరికాల పటం. ముందు ఆడపడుచులకి, తర్వాత వాళ్ల అత్తవారికి, తర్వాత "పిలవకపోతే బావుండదు" అనే ఇళ్లకి. ఆ మూడో రకం ఇళ్ల దగ్గరే ఆగి అడగాలి, ఎందుకు బావుండదు అని. ముర్రాటలు (అమ్మవారికి తీసుకెళ్లే కడవలు) పట్టుకెళ్లేటప్పుడు ఎవరి ఇంటి కడవ ముందు, ఎవరిది వెనక అనేది కూడా చూడండి.

నాకు దారి దొరికింది అక్కడే. ఐదేళ్ల సంబరానికి నాగావళి అవతల నుంచి ఒక కుటుంబం వచ్చి మా ఇంటి ముర్రాటతో పాటు వాళ్లదీ కలిపి పట్టుకెళ్లేవారు, సొంత ఊళ్లో వాళ్లకి వేరే అమ్మవారున్నా. ఎందుకని మా ఇంట్లో అడిగితే "ఆళ్లు అలాగే వస్తారు" అన్నారు, అంతే. నేను వాళ్లూరు వెళ్లాను. అరుగు మీద కూర్చున్న ముసలావిడ "ఎవులు బాబూ, ఎవులింటి పిల్లడివి?" అని అడిగింది, మా తాత పేరు చెప్పాను, లోపలికి రమ్మంది. మాటల్లో వాళ్లు రంగం, అంటే రంగూన్, వెళ్లిన ఒక తాతకి సంక్రాంతికి పంచె పెడతారని తెలిసింది, పేరుతో సహా. మా ఇంట్లో తువ్వాలు పెడతామని చెప్పగానే ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పోయాడని మీయోలకి కబురు రానేదు కదా బాబూ, పంచెలెలాగ పెడతారు? అందుకే తువ్వాలెట్టేరు" అంది. ఆయన రంగం వెళ్లాక భార్య చంటిపిల్లాడిని ఎత్తుకుని కన్నవారింటికి ఆ ఊరు వచ్చేసిందట, పిల్లాడు మేనమామల దగ్గరే పెరిగాడు, కొన్నేళ్లకి చావు కబురు భార్యకి చేరింది గానీ ఏటికి ఇవతల ఉన్న అన్నగారింటికి చేరలేదో, చేరినా నమ్మలేదో. అన్నగారి ఇంట్లో తువ్వాలు, కొడుకు ఇంట్లో పంచె. మా ముత్తాతకి ఆయన చిన్నాన్న.

19వ శతాబ్దం చివరి సగంలో కళింగపట్నం, భీమునిపట్నం, బారువ రేవుల నుంచి మన వాళ్లు పడవల్లో, స్టీమర్లలో బర్మా కూలికి వెళ్లేవారు, మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లేవారు. మొక్కు లేకుండా ఎవరూ ఓడెక్కలేదు. మీ ఇంట్లో "రంగం నుంచి తిరిగొస్తే" అని మొదలయ్యే మొక్కు కథ ఏదైనా ఉంటే దాన్ని వదలకండి.

సంవత్సరం పట్టుకోవడం ఎలాగో చెప్తాను. పెద్దవాళ్లు 1897 అనరు, "హేవిళంబిలో వెళ్లాడు" అంటారు. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది, హేవిళంబి అంటే 1837–38 కావొచ్చు, 1897–98 కావొచ్చు, 1957–58 కావొచ్చు. తేల్చాలంటే ఇంకో గుర్తు కావాలి. ఆ చంటిపిల్లాడు స్వతంత్రం వచ్చాక ముసలితనంలో పోయాడని వాళ్లు చెప్పారు, కాబట్టి 1897. కరువులు కూడా మంచి గుర్తులే: 1866లో గంజాం వైపు వచ్చిన పెద్ద కరువు, 1876–78 నాటి ధాత కరువు. పాత దస్తావేజుల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి, ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. శాలివాహన శకం ఉంటే 78 కలపండి.

ఇవన్నీ అయ్యాక కాగితాలు. ముందే చెప్పేస్తున్నా, 1871 నుంచి జనాభా లెక్కలు జరిగినా ఇంటింటి పేర్ల కాగితాలు మిగల్లేదు, వాటి కోసం తిరగొద్దు. మీ పెద్దలు గుళ్లో పూజార్లు, మేళగాళ్లు, దాసర్లు, ఊరి మంగలి, చాకలి, కరణం ఇలా ఏదైనా సేవ మీద మాన్యం అనుభవించి ఉంటే మాత్రం మీ అదృష్టం. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలు విచారించి రిజిస్టర్లు రాసింది, అందులో అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదట మాన్యం పొందినవాడికి ఆయన ఏమవుతాడు అన్నీ ఉంటాయి. దేవుడి సేవ చేసిన వాడి పేరు నిలిచింది, దున్నిన రైతు పేరు నిలవలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు అడిగేటప్పుడు హద్దులు చదవండి, తూర్పు హద్దు, పడమర హద్దులో ఉన్న పేర్లు చాలాసార్లు వేరుపడ్డ అన్నదమ్ములవే.

మద్రాసు రాజధాని నాటి పాత రికార్డులు చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడ శ్రీకాకుళం జిల్లా అని అడిగితే దొరకదు, ఈ జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అప్పట్లో శ్రీకాకుళం, టెక్కలి వైపు గంజాం జిల్లాలో, విజయనగరం, బొబ్బిలి వైపు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ భీమునిపట్నాన్ని బిమ్లిపటం అనీ రాశారు.

మీ వాళ్లు రంగం కాకుండా మారిషస్‌కో, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో వెళ్లి ఉంటే పేరు దొరికే అవకాశం ఎక్కువ. నాటాల్‌కి 1860 నుంచి 1911 దాకా వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న భజన చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. అక్కడి నుంచి ఎవరైనా ఇంటిపేరు కూడా మారిపోయి మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే ఊరు పేరు కంటే ముందు వాళ్లింట్లో ఏ దేవుడికి మొక్కుతారో అడగండి. బర్మాకి ఇలాంటి జాబితాలు ఆశించొద్దు, అక్కడ నడిచింది మేస్త్రీల పద్ధతి.

చెట్టులో ఒక కొమ్మ క్రైస్తవంలోకి వెళ్లి ఉంటే దాన్ని కొట్టేయకండి. 1870ల నుంచి బొబ్బిలి, శ్రీకాకుళం, భీమునిపట్నంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది, పాత సంఘాల్లో బాప్తిస్మాల పుస్తకాలు ఉంటే అందులో తారీఖుతో సహా పేరు దొరుకుతుంది, మిగతా కొమ్మలకి ఆ భాగ్యం లేదు. మతం మారిన రోజుతో మైల తెగిపోయిందని మన వైపు వాళ్లు అంటారు గానీ ఆ ఇంటి ముసలమ్మని కూర్చోబెట్టి అడిగితే పాత ఇలవేల్పు పేరు చెబుతుంది. గౌరవంగా అడగండి, మళ్లీ వెనక్కి రమ్మనడానికి వచ్చినట్టు ఉండకూడదు.

గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట, "భూమి కోసం రాలేదండి" అని. నాలుగు తరాల తర్వాత దాయాది కనబడితే ఎవరికైనా టెన్షనే. పట్టా పుస్తకాల ఫోటోలు అడగొద్దు, మొదటిసారి అసలే వద్దు. ఉత్త చేతుల్తో వెళ్లకుండా పండో, స్వీటో పట్టుకెళ్లండి, వాళ్లు పెద్దింటి వాళ్లైతే వాళ్ల దేవుడి మూలకి ముందు దండం పెట్టుకుని ఆ తర్వాతే నోట్‌బుక్ తియ్యండి. బతికున్న వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు నెట్‌లో పెట్టొద్దు. కులం దాటి పెళ్లి చేసుకున్నారని వదిలేసిన అత్తలు, పెళ్లి కాకుండా పిల్లల్ని కన్నవాళ్లు బయటపడతారు, అవి మీ దగ్గర రాసుకోండి, పంచే కాపీలో పెట్టేముందు ఆ ఇంటివాళ్లని అడగండి.

చివరికి చార్టు పేపరు మీద రాసేటప్పుడు మగపేర్లతో నింపేయకండి, ప్రతి తాత పక్కనా ఆవిడ పేరు, కన్నవారి ఊరు, ఆ ఊరి అమ్మవారి పేరు రాయండి. పేరు తెలియని ఆడపిల్లకి ఖాళీ గడి వదలండి. నేను జిరాక్సులు తీసి ఆరు ఇళ్లకి పంచాను, ఏటి అవతలి ఇంటి నుంచి నా కాపీ మూడు గళ్లు పెన్సిల్‌తో నిండి తిరిగొచ్చింది, అందులో ఒకటి రంగం తాత చెల్లెలిది. ఆవిణ్ణి ఇచ్చిన ఊరు పాలకొండ దాటాక ఉందట. వచ్చే నెల మా అమ్మని తీసుకుని వెళ్తున్నాను.